ఉప్పునీటి తొట్టెకు వెలుగు కాపలా

పెద్ద శత్రువును గెలుచుటకంటె చిన్న శత్రువును గెలుచుటయే కష్టమని పెద్దలు చెప్పుదురు. మన ఏటూరునాగారపు అడవిలో పులి జాడ కనబడినదన్న మాట పుట్టినచో పల్లె పల్లెయు మేల్కొనును. చెవిదగ్గర దోమ పాడినచో దుప్పటి సవరించుకొని మరల నిద్రింతుము. అయినను ఏటేట వానకారున మన ప్రాంతీయులను మంచమెక్కించుచున్నది పులి గాదు, దోమయే.

ఈ వ్యాసమున మేము చెప్పబూనినది దోమకంటెను మిక్కిలి చిన్నదైన యొక జీవిని గూర్చియు, దానిపై మనుష్యులు ప్రయోగించు, కంటి కగపడని వెలుగును గూర్చియు. ఆ జీవి ఉప్పునీటి చేపలను పీడించును. ఆ వెలుగు అతినీలలోహిత దీపమునుండి పుట్టును. గోదావరి యొడ్డున నివసించు మనకు సముద్రపు చేపల ప్రసంగమేల యని చదువరులు అడుగవచ్చును. కారణములు రెండు గలవు. మన పాఠశాలలో చదివిన యొక విద్యార్థి జీవనోపాధి కొంతకాలము ఈ విషయముతో ముడిపడి యుండెను. ఇది మొదటిది. ఆ దీపమే నేడు మనలో పలువురి వంటయిండ్లలో, నీటిని శుద్ధిచేయు యంత్రమునందు వెలుగుచున్నది. ఇది రెండవది. దాని శక్తి యెంతవరకో యెరుగక దానిని నమ్ముట క్షేమము గాదు.

చేపలను గాజుతొట్టెలలో నుంచి జనులకు చూపు ఆచారము మిక్కిలి ప్రాచీనము గాదు. లండను జంతుప్రదర్శనశాలలో 1853లో మత్స్యప్రదర్శనశాల తెరవబడెను. మదరాసు మెరీనా తీరమున 1909లో అట్టిది యేర్పడగా, అనేకులు వింతగా పోయి చూచిరి. మంచినీటి చేపలను పెంచుట సులభము. ఉప్పునీటి చేపల సంగతి వేరు. సముద్రజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములు కలవు. తొట్టెలోని నీటిని ఆ పాకమునందే నిలుపవలెను, వేడిమి మారరాదు, మలినము నిలువరాదు. వీనియన్నిటికంటె కష్టమైన దొకటి యున్నది. అపారమైన సముద్రమున చేప నొకటిని పట్టుకొనుట పరాన్నజీవికి అదృష్టముపై నాధారపడి యుండును. తొట్టెలోనన్ననో, అది యెటు పోయినను చేపయే తగులును. సముద్రమున అప్పుడప్పుడు కలుగు చిన్న బాధ, తొట్టెలో కొలది దినములలోనే మారణహోమ మగుచున్నది.

అట్టి పరాన్నజీవులలో ప్రసిద్ధమైనది క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనునది. బ్రౌన్ అను శాస్త్రజ్ఞులు 1951లో దానికీ నామము పెట్టిరి. గ్రీకుభాషలో మొదటి పదమునకు ‘గుప్తమైన కేంద్రము’ అని యర్థము. ఇది యేకకణజీవి. దీని చరిత్రయందు నాలుగు దశలు కలవు. మొదటి దశలో నిది చేప చర్మపు పైపొర క్రిందను, మొప్పలయందును దూరి, అచ్చటి కణములను తిని, మూడు మొదలు ఏడు దినములలో అర మిల్లీమీటరు వరకు పెరుగును. అప్పుడు చేపపై ఉప్పురవలు చల్లినట్లు తెల్లని చుక్కలు కనబడును. రెండవ దశలో నది తనంతట తానే చేపను విడిచి, తొట్టె యడుగునకు జారి, కొన్ని గంటలు ప్రాకులాడును. మూడవ దశలో రాతికో యిసుకకో అంటుకొని, గట్టి కోశము నిర్మించుకొని, దానిలోపల విభజన పొంది, వందలకొలది పిల్లలగును. ఈ కోశము సామాన్యముగా 3 మొదలు 28 దినములలో పగులును. 72 దినముల వరకు నిలిచినట్లును శాస్త్రజ్ఞులు కనుగొనిరి. నాలుగవ దశలో ఆ పిల్లలు నీటిలో ఈదుచు చేపను వెదకును. ఒకటి రెండు దినములలో చేప దొరకనిచో అవి చచ్చును.

విద్యార్థులు ఈ నాలుగు దశలను జ్ఞాపకముంచుకొనవలెను. ఏలయన, శత్రువు చర్మము క్రింద నున్నపుడు చేపయే దానికి కవచము. కోశములో నున్నపుడు కోశమే కవచము. నీటిలో ఈదునపుడు మాత్రమే అది నిరాయుధము. మన దీపము పనిచేయునది అప్పుడే.

ఇక దీపమును గూర్చి. ఎండ సూక్ష్మజీవులను చంపునని డౌన్స్, బ్లంట్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు 1877లో ప్రకటించిరి. డెన్మార్కు వైద్యుడగు నీల్స్ ఫిన్సెన్ చర్మక్షయమును వెలుగుతో మాన్పి 1903లో నోబెల్ బహుమానము నందెను. ఫ్రాన్సు దేశమున మార్సెయి నగరమునందు 1910లో త్రాగునీటిని ఈ కిరణములతో శుద్ధిచేయు ప్రయత్నము జరిగెను. నేటి దీపము గొట్టమువంటిది. దానిలోని పాదరసపు ఆవిరి విద్యుత్తుచే వెలిగి 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల కిరణములను వెలువరించును. ఈ కిరణములు సూక్ష్మజీవులలోని వంశసూత్రములను చెరచును. చెరపబడిన జీవి తన వంశమును పెంచుకొనజాలదు. మామూలు గాజు ఈ కిరణముల నడ్డగించును గావున, దీపమునకు క్వార్ట్జు గొట్టము తొడుగుదురు. నీరు ఆ తొడుగు చుట్టును ప్రవహించును. ఈ దీపమును కన్నులార చూడరాదు. కన్నులకును చర్మమునకును అది హాని చేయును.

నిరుడు వేసవిలో మా కొక జాబు వచ్చెను. వ్రాసినవాడు కొన్నియేండ్ల క్రిందట మన పాఠశాలలో పదవతరగతి ముగించిన గిరిజన బాలుడు. విశాఖపట్టణములో అలంకార మత్స్యములను విక్రయించు నొక దుకాణమునందు అతడు పనిలో చేరెను. తండ్రి లేనివాడు, అతడు పంపు జీతముతోనే యింట తల్లియు చెల్లెండ్రును జీవించుచున్నారు. జాబులోని సంగతి యిది. దుకాణములో ఐదు గాజుతొట్టెలు గలవు. అయిదింటి నీరును ఒకే జలాశయములో చేరి, ఒకే పంపుతో మరల తొట్టెలకు పోవును. ఒక తొట్టెలోని చేపలకు తెల్లచుక్కలు పొడమినవి. షావుకారు వేలరూపాయలు పోసి అతినీలలోహిత దీపమును కొని బిగించెను. నాలుగవనాడు చుక్కలు మాయమైనవి. షావుకారు సంతోషించి మిఠాయి పంచిపెట్టెను. పండ్రెండవనాడు ఐదు తొట్టెలలోను చుక్కలు కనబడినవి, చేపలు చావసాగినవి. “అయ్యగారూ, రాత్రులు నేను దీపమార్పివేసి నిద్రించితినని షావుకారుగారు తలంచుచున్నారు. చచ్చిన చేపల వెల నా జీతములో పట్టుకొని నన్ను పంపివేయుదుమనిరి. నేను దీపమార్పలేదు. ఐనను చుక్కలేల తిరిగి వచ్చినవో నాకును తెలియదు” అని అతడు వ్రాసెను.

ఆ జాబు చదివి మేము ఊరకుండలేకపోతిమి. దొరకిన గ్రంథములు చదివి, సెలవులలో విశాఖపట్టణమునకు పోతిమి. షావుకారు మర్యాదస్థుడు, నష్టముచే కలతపడి యుండెను. “మాస్టారూ, దీపము బిగించిన నాలుగు దినములకు తెగులు కుదిరినది. కుదిరిన తెగులు తిరిగి వచ్చినదన్న దీపమార్పినట్లే గదా” యని మమ్మడిగెను. అతని వాదము పైకి సరిగానే యున్నది. దాని కుత్తరము పిల్లవానియొద్దనే దొరకెను. మన ప్రయోగశాలలో నేర్చిన యలవాటు చొప్పున అతడొక నోటుపుస్తకములో ప్రతిదినము నీటి వేడిమిని, ఉప్పు పాకమును, ఏ చేపపై ఎన్ని చుక్కలు గలవో ఆ సంఖ్యను, దీపము వెలుగుచున్న గుర్తును ఉదయము, సాయంకాలము, రాత్రి మూడు పూటలను వ్రాసి యుంచెను. ఒక్క దినమైనను ఖాళీ లేదు.

ఆ పుస్తకమును ముందుంచుకొని మేము షావుకారునకు నాలుగు దశలను వివరించితిమి. నాలుగవనాడు చుక్కలు మాయమగుట దీపపు ప్రభావము గాదు. పురుగు తిని పెరిగి, తన వేళకు తాను చేపను విడిచి అడుగునకు దిగినది. దీపము లేకున్నను ఆ చుక్కలు మాయమయ్యెడివే. తరువాత కోశములలో పిల్లలు పెరిగి, పగిలి, వందలుగా వెలువడినవి. పండ్రెండవనాటి చుక్కలు ఆ సంతానమే. తేదీలన్నియు జీవి చరిత్రతో సరిపోయినవి. దీపమార్పినదన్న ఊహతో పనిలేకపోయినది. షావుకారు ఆ పుటలను మరల మరల త్రిప్పి చూచి, కొంతసేపు మాటలాడకుండెను. పిదప, “కుర్రవాడు అబద్ధమాడలేదు మాస్టారూ” అనెను. ఆ మాట వినినపుడు పిల్లవాని మొగము చూడలేక మేము తొట్టెలవైపు తిరిగితిమి.

మరి దీపమేల అడ్డుకొనలేకపోయెనని విద్యార్థు లడుగుదురు. కారణములు మూడు. మొదటిది: దీపము తన ముందుకు వచ్చిన నీటినే శుద్ధిచేయును. 400 లీటర్ల తొట్టెనుండి గంటకు 400 లీటర్ల నీరు దీపము ప్రక్కగా పోయి మరల తొట్టెలో కలియుచున్నదనుకొందము. గంటలో నీరంతయు శుద్ధమైనదని తోచును. అట్లుగాదు. శుద్ధమైన నీరు శుద్ధముగాని నీటితో కలియుచుండును గావున, గంట గడచినను నూటికి సుమారు 37 వంతుల నీరు దీపమును చూడనే చూడదు. మూడు గంటలకు 5 వంతులు మిగులును. ఐదు గంటలకుగాని మిగిలినది 1 వంతుకు తగ్గదు. రెండవది: ఈ పిల్లలు ఎక్కువగా చీకటివేళ కోశమునుండి వెలువడును. అప్పుడు చేపలు రాళ్లనడుమ అడుగున కదలక నిద్రించుచుండును. ప్రక్కింటిలోనే విందు దొరకినవాడు ఊరిచివర కాపలావాని యొద్దకేల పోవును? మూడవది: కిరణముల మోతాదు. సామాన్య సూక్ష్మజీవులకు చాలిన వెలుగు ఈ జీవికి చాలదు. ఇది మిల్లీమీటరులో ఇరువదవ వంతు మాత్రమే యైనను, సూక్ష్మజీవులతో పోల్చిన ఏనుగువంటిది. త్రాగునీటి శుద్ధికి చదరపు సెంటీమీటరునకు 40 మిల్లీజౌళ్ల మోతాదును ప్రమాణముగా గైకొందురు. ఇట్టి జీవులకు దానికి పలురెట్లు కావలెను. నీటివడి రెట్టింపైన మోతాదు సగమగును. ఆ దుకాణమున పెద్ద పంపును చిన్న దీపమునకు జతచేసిరి. నీరు దీపము ముందునుండి పరుగెత్తిపోవుచుండెను.

అందుచే చికిత్స దీపముతో గాక, విడదీయుటతో మొదలయ్యెను. చేపలను వేరు తొట్టెలోనికి మార్చి, మూడుదినముల కొకసారి, నాలుగు సారులు, ఆరబెట్టి శుభ్రపరచిన క్రొత్త తొట్టెకు మార్చిరి. చేపను విడిచిన పురుగు కోశము పగులకముందే ఆ తొట్టె విడువబడును. అది యనాథయై చచ్చును. ఇందు మందు లేదు; శత్రువు గడియారమును ఎరిగి దానికంటె ముందు నడచుటయే యిందలి కిటుకు. రాగిమందు కూడ ఈ పురుగును చంపును గాని, సముద్రపు పూవులవంటి మృదుప్రాణులను సైతము చంపును. ఉప్పు పాకమును సగమునకు మించి తగ్గించుట మరియొక మార్గము. సముద్రపు చేపలలో పెక్కు దానిని కొంతకాలము సహించును, పురుగు సహింపదు. సముద్రమున విలసయై, గోదావరిలో పులసయై, రెండు నీళ్లను భరించు చేపను మన తెలుగువా రెరుగుదురు గదా! పెద్దతొట్టెలను పదివారములకు పైగా చేపలు లేకుండ విడిచిరి. చేప లేనిచో ఆ వంశమునకు అన్నము లేదు.

ముప్పదియొక్క చేపలలో పందొమ్మిది బ్రదికినవి. తక్కినవి మొప్పలు చెడి చచ్చినవి. పిల్లవాని పని నిలిచెను. జీతమునుండి కాసైన కోయలేదు. దీపమును పారవేసిరా? లేదు. దానికి తగిన చోటు దొరకెను. పంపువడి తగ్గించి, తొట్టెలన్నిటినుండి వచ్చు నీరు దీపమును దాటనిదే మరియొక తొట్టెకు పోకుండ గొట్టములు మార్చిరి. ఒక తొట్టెలో తెగులు పుట్టినను నాలుగు తొట్టెలకు ప్రాకుట దీనిచే చాలవరకు తగ్గును. ఇంటిలో దూరిన దొంగను కాపలావాడు పట్టలేకపోవచ్చును; వీధినుండి వచ్చు దొంగల నడ్డగించుటకు అతడే తగినవాడు.

ఈ నీతినే మన తీరమందలి పెద్దసంస్థలు చిరకాలముగా పాటించుచున్నవి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1947లో స్థాపితమైనది. దాని ప్రాంతీయ కేంద్రము విశాఖపట్టణమున గలదు. అచ్చటి పండితులు సముద్రపు బొంతచేపలవంటి జాతులను తొట్టెలలో గ్రుడ్లు పెట్టించి పెంచిరి. ఆంధ్రతీరము పొడవునను రొయ్యపిల్లల ఉత్పత్తిశాలలు కలవు. అందు సముద్రమునుండి తోడిన నీటిని ఇసుకతో వడగట్టి, సన్నని జల్లెడలగుండ పంపి, ఆ పిమ్మట అతినీలలోహిత దీపము ముందు నడిపింతురు. వరుస గమనింపుడు: ముందు వడపోత, తరువాత వెలుగు. మురికినీటిలో కిరణము దూరజాలదు. రేణువుల నీడలో సూక్ష్మజీవి దాగును. తొడుగుపై ఉప్పు పేరుకొన్నను వెలుగు తగ్గును. దీపము నీలముగా వెలుగుచున్నను ఏడాది గడచిన దాని చేవ తగ్గును. అందుచే సుమారు 9,000 గంటలకు దానిని మార్తురు.

ఇచ్చట నొక్క హెచ్చరిక. 1994, 95 ప్రాంతమున మన కోస్తా రొయ్యల చెరువులను పాడుచేసి, ఎందరో రైతులను అప్పులలో ముంచిన ‘తెల్లమచ్చ తెగులు’ వేరు. మేము చెప్పిన తెల్లచుక్కల తెగులు వేరు. అది వైరసు, రొయ్యలకు వచ్చును. ఇది యేకకణ పరాన్నజీవి, చేపలకు వచ్చును. పేరొక్కటైన మాత్రమున రోగమొక్కటి గాదు. ఒకదాని మందు మరియొకదానికి పోసి నష్టపోరాదు.

ఇప్పుడు మన యింటికి వత్తము. నీటిలో ఒక దశ గడుపు పరాన్నజీవిని ఆ దశయందే పట్టవలెనన్న నీతి మన దేశమునకు క్రొత్త గాదు. నారికురుపు అను బాధను ముసలివా రెరుగుదురు. మూరలకొలది పొడవుగల పురుగు కాలినుండి వెలువడునది. దాని పిల్లలు దిగుడుబావుల నీటిలో సన్నని నీటిపురుగులయందు దాగి, ఆ నీరు త్రాగినవారి కడుపున చేరెడివి. దానికి మందు లేకపోయెను. ఐనను గుడ్డతో నీరు వడగట్టుట, పుండుతో బావిలో దిగకుండుట అను రెండు పనులచే దానిని తరిమిరి. మన దేశమున చివరి రోగి 1996లో రాజస్థానమున కనబడెను. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశము దీనినుండి విముక్తమైనదని ప్రకటించెను. ఒక గుడ్డముక్క ఇంత పని చేసినది.

కావున వంటయింటి యంత్రమునందలి దీపమును గూర్చి తల్లిదండ్రులు మూడు మాటలు గుర్తుంచుకొనవలెను. బురదనీటికి దీపము చాలదు. 2022 జులైలో గోదావరి భద్రాచలమువద్ద 71 అడుగులు దాటినపుడు మన యేటి నీరెట్లుండెనో అందరును చూచితిమి. అట్టి దినములలో నీటిని వడగట్టి, తెర్లునట్లు కాచి త్రాగవలెను. కరెంటు లేనపుడు దీపము లేదు. గొట్టమునుండి నీరు వచ్చుచున్నంత మాత్రమున అది శుద్ధము గాదు. దీపము నీటిలో ఏ మందును విడువదు. శుద్ధమైన నీటిని మురికిబిందెలో పోసినచో మరల చెడును.

ఆదివారపు పాఠములలో ఉప్పును వెలుగును జంటగా వినుచున్న మన బాలబాలికలకు ఈ రెండును ఒక్కచోట చేరిన యీ కథ వింతగా తోచవచ్చును. వారిని మేము కోరునది యొక్కటే. యంత్రము కొనుట ధనమున్నవాని కెవనికైనను సాధ్యము. అది యెచ్చట పనిచేయునో, యెచ్చట పనిచేయదో తెలిసికొనుటకు మాత్రము ప్రతిదినము చూచి, చూచినది చూచినట్లు వ్రాయు ఓపిక కావలెను. ఆ ఓపిక నేర్పు నోటుపుస్తకము వెల నేడును కొలది రూపాయలే. వచ్చు సంవత్సరము విజ్ఞానశాస్త్ర తరగతిలో ప్రతి విద్యార్థియు తన యింటి నీటిబిందెను గూర్చియో, పెరటి చెట్టును గూర్చియో ఒక మాసము దినచర్య వ్రాసి తెచ్చిన, వానిలో మేలైనవానిని ఈ పత్రికయందే ప్రకటింపవలెనని సంపాదకవర్గమును వేడుచున్నాము.